వాళ్ళ గోడ, మన గోడు

"ఏముందక్కడ చూడ్డానికి? మట్టే కదా!"

కోటిలింగాల వెళ్ళొచ్చానని చెప్పినప్పుడల్లా నాకెదురయ్యే ప్రశ్న ఇది. ఊళ్ళోవాళ్ళూ అడిగారు, ఆఫీసులోవాళ్ళూ అడిగారు, చరిత్రంటే చెవి కోసుకుంటామని చెప్పుకునే మిత్రులూ అడిగారు. అడిగినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. ప్రశ్న మీదే కోపం. ఎందుకంటే ఆ నది ఒడ్డున మనం పోగొట్టుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న వల్లే పోగొట్టుకున్నాం. నీళ్ళొచ్చి పోలేదు, డబ్బుల్లేక పోలేదు. రాయి అయితే చరిత్ర, మట్టి అయితే మట్టి అనే మన నమ్మకం వల్ల పోయింది.

ఈ టపా ఆ ప్రశ్నకి జవాబు. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ఇంతకీ ఏముంది అక్కడ?

మాది ముత్యంపేట. కొండగట్టు దగ్గరి ముత్యంపేట కాదు, మల్లాపూర్ మండలంలోని షుగర్ ఫ్యాక్టరీ ముత్యంపేట. మా దిక్కు నుండి బయల్దేరి కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం దాకా పోయి, అక్కడ వెల్గటూరు వైపు తిరిగితే కోటిలింగాల వస్తుంది. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోటు. కోటేశ్వరస్వామి గుడి ఉంది కాబట్టి శివరాత్రికి జనం బాగానే వస్తారు. గుడికి వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి తాము నడుస్తున్నది ఒక కోట మీద అని తెలియదు.

నేను వెళ్ళినప్పుడు నాకు దారి చూపించింది గొర్లు కాసుకునే ఒక పెద్దాయన. "తాతా, కోట ఎక్కడ?" అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "ఏడ అనవడ్తివి బిడ్డా, నువ్వు నిలవడ్డదే కోట" అన్నాడు. కిందికి చూస్తే గట్టు. చెరువు కట్టలాగా ఉంది. అందులోంచి పెద్ద పెద్ద ఇటుకల ముక్కలు, కుండ పెంకులు బయటకి కనిపిస్తున్నాయి. ఇప్పటి ఇటుక దాని పక్కన పెడితే పిల్లలా ఉంటుంది.

మట్టి గోడ చుట్టూ కట్టి, ద్వారాలు పెట్టి, మూలల్లో బురుజులు నిలిపి, లోపల ఇటుకల ఇళ్ళతో ఒక నగరం ఉండేది ఇక్కడ. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ గారు ఈ ఒడ్డున దొరికిన నాణేలని ఓపిగ్గా సేకరించారు. వాటిని శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివారు. గోభద, నారన, కంవాయ, సమగోప... అప్పటిదాకా ఏ పుస్తకంలోనూ లేని రాజుల పేర్లు. వాటితో పాటు చిముక సాతవాహనుడి పేరున్న నాణేలు! పురాణాలు చెప్పే శాతవాహన వంశకర్త సిముకుడు ఇతనే అని చాలామంది పండితులు అంటారు. కాదు, ఈ పేరుతో తర్వాత వచ్చిన ఇంకో రాజు అని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత 1980 ప్రాంతంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి గారి హయాంలో ఇక్కడ తవ్వకాలు జరిపింది.

ఇదొక్కటే కాదు. ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట ఉంది. అక్కడా మట్టికోటే, పక్కనే బౌద్ధ స్తూపం. దానికి దగ్గర్లోనే పెద్దబంకూరు. అక్కడ తవ్వితే వేల కొద్దీ శాతవాహన నాణేలు, కమ్మరి కొలుముల ఆనవాళ్ళు, బావులు, ఇటుక ప్రహరీలు బయటపడ్డాయి. వాటితో పాటు రోమన్ చక్రవర్తులు ఆగస్టస్, టైబీరియస్ నాణేలు కూడా దొరికాయి. టైబీరియస్ చచ్చిపోయింది క్రీ.శ. 37లో. అంటే రోమన్లు ముద్రించిన వెండి, సముద్రాలు దాటి, దక్కను పీఠభూమి ఎక్కి, పెద్దపల్లి పక్కన ఒక ఊళ్ళోకి వచ్చింది. ఎవరు తెచ్చారు? ఇక్కడ నుండి ఏం కొనుక్కుపోయారు? ఇంత ఆసక్తికరమైన ప్రశ్న ఇంటిముందు పెట్టుకుని మనం "మట్టే కదా" అంటున్నాం.

ఇక రోముదాకా వచ్చాం కాబట్టి...

సాఫ్ట్‌వేర్ వాడిని కదా, కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్ పేరుతో ఇంగ్లండులో న్యూకాజిల్ వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ హేడ్రియన్ గోడ ఉంది. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో మొదలు పెట్టించిన సరిహద్దు గోడ. తూర్పున వాల్సెండ్ నుండి పడమర సముద్రం దాకా 117 కిలోమీటర్లు. తమ సామ్రాజ్యానికి ఉత్తరపు అంచు ఇదీ అని రోమన్లు గీసుకున్న గీత.

ఒక శనివారం వెళ్ళి చూశాను. గోడ పక్కన వెళ్ళే బస్సు నంబరు ఏమిటో తెలుసా? ఏడీ 122! గోడ మొదలైన సంవత్సరాన్నే బస్సు నంబరుగా పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ నంబరు చూసే నాకు మొదటిసారి కడుపు మండింది :)

అక్కడ చూడ్డానికి ఏముంది? చాలా చోట్ల నడుము ఎత్తు రాళ్ళ వరస. కొన్ని చోట్ల అది కూడా లేదు, గడ్డి కింద ఒక గీత. హౌస్‌స్టెడ్స్ అనే కోటలో రోమన్ సైనికుల సామూహిక మరుగుదొడ్డిని కూడా పదిలంగా కాపాడి, అది ఎలా పనిచేసేదో బొమ్మేసి చూపిస్తున్నారు. టిక్కెట్టు కొనుక్కుని, చలిలో వణుక్కుంటూ, జనం మరుగుదొడ్డి చుట్టూ నిలబడి శ్రద్ధగా వింటున్నారు. నేనూ విన్నాను.

వింధోలాండా అనే ఇంకో కోటలో 1973లో తడిమట్టి కింద సన్నటి చెక్క పలకలు దొరికాయి. వాటి మీద సిరాతో రాసిన ఉత్తరాలు. సరుకుల లెక్కలు, సెలవు అర్జీలు, ఇంకా క్లాడియా సెవెరా అనే ఆవిడ తన స్నేహితురాలిని పుట్టినరోజుకి రమ్మని రాసిన పిలుపు. ఇంచుమించు క్రీ.శ. 100 నాటిది. ఈ చోటు చూసుకుంటున్నది సర్కారు కాదు. 1970లో ఏర్పడిన ఒక ట్రస్టు. తవ్వకాల్లో ఇప్పటికీ వాలంటీర్లు పాల్గొంటారు.

"ఆ, అది రాయి సార్. మనది మట్టి. మట్టి ఆగదు కదా" అంటారు వెంటనే. అక్కడికే వస్తున్నా.

మట్టి సాకు

హేడ్రియన్ గోడ మొత్తం రాతి గోడ కాదు. పడమటి భాగాన్ని మొదట పచ్చగడ్డి మట్టిపెళ్ళలు పేర్చి కట్టారు. తర్వాత రాతిగా మార్చారు. సరే, ఇది పక్కన పెడదాం.

దానికి ఉత్తరాన, స్కాట్లండులో ఇంకో గోడ ఉంది. ఆంటొనైన్ గోడ. క్రీ.శ. 142లో మొదలైంది. దాదాపు 60 కిలోమీటర్లు. ఇది కింద రాళ్ళ పునాది, పైన అంతా మట్టిపెళ్ళలే. రోమన్లు దాన్ని వాడింది కూడా ఇరవై ఏళ్ళ చిల్లర, తర్వాత వదిలేసి వెనక్కి పోయారు. ఇప్పుడు వెళ్ళి చూస్తే కనబడేది ఏమిటి? ఒక కందకం, ఒక గట్టు, మీద గడ్డి. అచ్చం కోటిలింగాల గట్టులాగా. ఆ గట్టుని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. హేడ్రియన్ గోడకి 1987లో వచ్చిన గుర్తింపు మట్టిగోడకి 2008లో వచ్చింది.

ఇంకా వినండి. 2021లో మన రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. మనమంతా పండగ చేసుకున్నాం, చేసుకోవాలి కూడా. సరిగ్గా అవే సమావేశాల్లో జర్మనీ, నెదర్లాండ్స్ కలిసి పెట్టిన ఇంకో దరఖాస్తు కూడా పాసయింది. రైన్ నది వెంబడి రోమన్ సరిహద్దు కోటలు. వాటిలో చాలా చోట్ల నేల మీద కనబడేది దాదాపు ఏమీ లేదు. కర్ర, మట్టి, నది ఒండ్రు కింద దాగిన ఆనవాళ్ళు. కనబడకపోవడమే దాని విలువ, తడినేల కింద చెక్కా తోలూ పాడవకుండా ఉన్నాయి అని వాదించి గెలిచారు వాళ్ళు.

ఇప్పుడు చెప్పండి. నది ఒడ్డున, ఒండ్రు కింద, మట్టికోట. వాళ్ళకైతే ప్రపంచ వారసత్వం, మనకైతే "ఏముందక్కడ?"

ఇంకో తేడా కూడా గమనించండి. వాళ్ళ గోడ ఒక సామ్రాజ్యం చివర. ఎక్కడో రోమ్‌లో ఉన్న రాజు కోసం పరాయి నేల మీద కట్టిన సరిహద్దు. చిముకుడే సిముకుడైతే మన కోట ఒక సామ్రాజ్యం మొదట్లో నిలబడ్డది. చివరను కాపాడుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళా, మొదటిని ముంచుకున్నవాళ్ళా?

తెల్లవాళ్ళు పుట్టుకతో బుద్ధిమంతులా?

కానే కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే "విదేశాల నుండి వచ్చి నీతులు చెప్తున్నాడు" అని నా మీద పడతారు.

వాళ్ళూ మనలాగే చేశారు. వందల ఏళ్ళ పాటు ఆ గోడ రాళ్ళు పీక్కుపోయి చర్చీలు, ఇళ్ళు, గొర్రెల దొడ్లు కట్టుకున్నారు. 1745 తిరుగుబాటు తర్వాత ఇంగ్లండు సైన్యానికి రోడ్డు కావాల్సొచ్చింది. ఏం చేశారు? మైళ్ళ కొద్దీ గోడని పడగొట్టి దాని మీదే రోడ్డు వేశారు. ఇప్పటికీ ఆ రోడ్డు మీద కార్లు తిరుగుతున్నాయి.

మరి ఎక్కడ మారింది? న్యూకాజిల్ మునిసిపాలిటీలో గుమాస్తా పెద్దగా పనిచేసిన జాన్ క్లేటన్ అనే ఆయన (1792–1890) ఉన్నాడు. గోడ పోతోందని చూసి, గోడ ఉన్న పొలాల్ని ఒక్కొక్కటిగా కొనేశాడు. తన జీవితమంతా కొంటూనే ఉన్నాడు. ఇవాళ మధ్య భాగంలో గోడ నిలిచి ఉందంటే ఆయన పుణ్యం చాలా ఉంది. అంటే ముందు ఒక పిచ్చివాడు, తర్వాత కొందరు పిచ్చివాళ్ళు, చివరికి చట్టం. వరస ఇదీ.

ఆ గోడ పక్కన ఒక లోయలో ఒంటరిగా ఒక చెట్టుండేది. 2023 సెప్టెంబరులో ఇద్దరు దాన్ని రాత్రికి రాత్రి కోసేశారు. దేశమంతా గగ్గోలు. 2025లో కోర్టు ఇద్దరికీ నాలుగేళ్ళ మూడు నెలల జైలు వేసింది. చెట్టుకీ, తగిలిన గోడకీ జరిగిన నష్టానికి! మన దగ్గర రెండువేల ఏళ్ళ నగరంలోకి నీళ్ళొచ్చినా జిల్లా పేజీలో ఒక వార్తగా ముగుస్తుంది.

మనకు పిచ్చివాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ధర్మపురిలో నాణేలు సేకరించిన నరహరిశర్మ గారు ఉన్నారు. రోగుల మెదడుకి ఆపరేషన్లు చేస్తూ శాతవాహన నాణేల మీద పుస్తకాలు రాసిన న్యూరోసర్జన్ దేమె రాజారెడ్డి గారు ఉన్నారు. కోటిలింగాల గురించి మనకీ రోజు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఇలాంటివాళ్ళ చలవే. మనకు లోటు వచ్చింది మొదటి మెట్టులో కాదు, మూడో మెట్టులో. పిచ్చివాళ్ళ పని తర్వాత అందుకోవాల్సిన వ్యవస్థ అందుకోలేదు.

నీళ్ళా, చరిత్రా?

ఇక అసలు మడత పేచీకి వద్దాం. గోదావరి మీద శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టుకి 2004లో శంకుస్థాపన జరిగింది. దాదాపు 20 టీఎంసీల జలాశయం. దాని వెనక నీళ్ళు కోటిలింగాల దాకా వస్తాయి. పాత నగరంలో కొంత భాగం మునిగింది. మిగిలిన ఒడ్డు ప్రతి వానాకాలం కోసుకుపోతోంది.

ప్రాజెక్టు వద్దంటావా అని అడుగుతారు. వద్దనను. మా ఊరు ఎస్సారెస్పీ ఆయకట్టు ఊరు. కాలువలో నీళ్ళొచ్చిన ఏడు మా ఇళ్ళల్లో మొహాలెట్లుంటాయో, రాని ఏడు ఎట్లుంటాయో చిన్నప్పటి నుండీ చూసినవాణ్ణి. పైగా 2015 చివరి నుండి హైదరాబాదుకి గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుండే వస్తున్నాయి. అంటే ఆఫీసులో కూర్చుని నేను తాగే నీళ్ళలో కోటిలింగాలని ముంచిన నీళ్ళూ ఉన్నాయి. ఆ నీళ్ళు తాగుతూ ప్రాజెక్టు వద్దనే హక్కు నాకు లేదు.

కానీ "నీళ్ళా, చరిత్రా, ఏదో ఒకటి తేల్చుకో" అనడం దొంగ లెక్క. ఆ లెక్క తప్పని మన తాతలే రుజువు చేశారు. నాగార్జునసాగర్ గుర్తుందా? 1955లో శంకుస్థాపన. లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునుగుతుందని తెలిసింది. ఏం చేశారు? 1954 నుండి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వారు. ముఖ్యమైన కట్టడాలని ఇటుక ఇటుకగా విప్పి కొండ మీదికి చేర్చి మళ్ళీ కట్టారు. చేర్చలేనివాటికి నమూనాలు చేశారు. కొండ మీదే మ్యూజియం పెట్టారు. డ్యామూ వచ్చింది, నీళ్ళూ వచ్చాయి, చరిత్రా మిగిలింది. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో నిలబెట్టారు.

అప్పుడు దేశం దగ్గర ఏముంది? తిండిగింజలకి అమెరికా ఓడల కోసం ఎదురుచూసే రోజులవి. కంప్యూటర్లు లేవు, జీపీఎస్ లేదు. అయినా చేశారు. 2004లో మనకు ఇవన్నీ ఉన్నాయి. హైటెక్ సిటీ ఉంది, మిగులు బియ్యం ఉన్నాయి. నాగార్జునకొండ స్థాయిలో తవ్వకం మాత్రం కోటిలింగాలకి దక్కలేదు. పేదరికంలో చేసింది కలిమిలో చేయలేకపోయాం. దీనికి నీళ్ళని నిందించి లాభం లేదు.

పైగా నాగార్జునకొండలో ఉన్నది చెక్కిన రాయి. కూడలిలో ఉన్నది గుడి. రాయీ దేవుడూ ఉంటే మనం కదులుతాం. మట్టి, కుండ పెంకు, కమ్మరి కొలిమి, మామూలు మనుషుల ఇల్లు... వీటికోసం కదలం. గుడికి దండం పెట్టుకుని కోట తొక్కుకుంటూ వచ్చేస్తాం.

మూల ప్రతి ఒక్కటే

నా వృత్తి భాషలో ఒక్కసారి చెప్తా. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా పాడైతే వెనకటి వెర్షనుకి వెళ్ళొచ్చు. ఎవడు ఎప్పుడు ఏ లైను మార్చాడో లాగ్ ఉంటుంది. బ్యాకప్ తీసుకోకుండా సర్వర్ మీద చెయ్యి వేసినవాణ్ణి మేం మళ్ళీ ఆ దరిదాపుల్లోకి రానివ్వం.

పురావస్తు తవ్వకంలో బ్యాకప్ ఉండదు. ఒక పొరని తవ్వామంటే ఆ పొర పోయినట్టే. తవ్వడమంటేనే చెరిపేయడం. ఆ పొరలో ఏ నాణెం ఏ కుండ పక్కన, ఎంత లోతులో, ఏ బూడిద మీద ఉందన్నది తవ్వినప్పుడు రాసుకున్న నోటులోనే ఉంటుంది. ఆ నోటూ, ఆ గీతలూ, ఆ ఫొటోలూ అన్నిటికీ కలిపి ఉన్న ఏకైక ప్రతి. నాణెం మ్యూజియంలో ఉంటే సరిపోదు. పొర తెలియని నాణెం, తేదీ లేని ఉత్తరం లాంటిది.

చిముకుడు సిముకుడా కాదా అన్న తగువు తేలాలంటే కావలసింది ఉపన్యాసాలు కాదు, సరిగ్గా ఈ వివరాలే. గోభదుడి నాణెం ఏ పొరలో, చిముకుడి నాణెం ఏ పొరలో? ఆ నగరంలో తవ్వనిది ఇంకా చాలా ఉండగానే నీళ్ళొచ్చాయి. పైగా ఒడ్డు కోసుకుపోయి బయటపడ్డ నాణేలు చాలావరకు అమ్మకాల్లోకి పోయి, ప్రైవేటు సేకరణల్లో చేరాయి. వాటికి పొరా లేదు, చోటూ లేదు.

మనం మాత్రం ఏం చేస్తున్నాం? పోట్లాడుకుంటున్నాం! శాతవాహనుల తొలి రాజధాని కోటిలింగాలా, పైఠానా, ధరణికోటా? గ్రూప్-2 కోచింగు నోట్సుల్లో ఇది ఒక బిట్టు. మెగస్తనీస్ చెప్పాడనే ఆంధ్రుల ముప్పై కోటలు, లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఇంకో బిట్టు. అంకెలు కంఠతా వస్తాయి. "ఆ ముప్పైలో ఒక్కటి చూపించు బాబూ" అంటే చూపించడానికి మనకు తీరిక లేదు. ఆంధ్రోళ్ళు మా చరిత్ర తొక్కేశారని తెలంగాణవాదులు అన్నారు. అందులో నిజం ఉంది, నేనూ అన్నాను, ఇప్పటికీ అంటాను. రాష్ట్రం 2014లో వచ్చింది, జగిత్యాల 2016లో జిల్లా అయింది, 2017లో కొత్త వారసత్వ చట్టం కూడా వచ్చింది. ఇప్పుడు తొక్కుతున్నది ఎవరు మరి? గొప్పలు చెప్పుకోవడం వేరు, కాపాడుకోవడం వేరు. మొదటిదానికి మైకు చాలు, రెండోదానికి ఓపిక కావాలి.

"కడుపు నిండినోడి ముచ్చట"

మా ఊళ్ళో ఒక కాకా నన్ను సూటిగా అడిగాడు. "ఫ్యాక్టరీ బందువడి ఇన్నేండ్లాయె. గది తెరిపియ్యిమని కొట్లాడురా అంటే నువ్వు మట్టిగడ్డల ముచ్చట వెడ్తున్నవ్. కడుపు నిండినోడి ముచ్చట గాదా ఇది?"

న్యాయమైన ప్రశ్న. ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వేసిన రైతులు ఇంకో పంటకి మళ్ళారు, కార్మికులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. తెరిపిస్తామన్న హామీలు ఎన్ని విన్నామో లెక్క లేదు. ఆ బాధ ముందు రెండువేల ఏళ్ళ నాటి కోట గురించి మాట్లాడటం ఎబ్బెట్టుగానే ఉంటుంది.

కానీ కాకా, ఈ రెండూ వేరువేరు జబ్బులు కావు. నడుస్తున్న ఫ్యాక్టరీని తుప్పు పట్టనిచ్చిన నిర్లక్ష్యమూ, నిలబడ్డ గట్టుని కోసుకుపోనిచ్చిన నిర్లక్ష్యమూ ఒకటే. మన ప్రాంతంలో ఉన్నదానికి విలువ లేదనుకోవడమే ఆ జబ్బు. ఇక్కడ నుండి మనుషులు దుబాయి పోవాలి, నీళ్ళు పట్నం పోవాలి, నాణేలు ఎవరి పెట్టెలోకో పోవాలి. ఇక్కడ ఏదీ ఉండకూడదు. నువ్వు ఫ్యాక్టరీ కోసం అడుగు, నేనూ నీ పక్కన నిలబడతా. నేను కోట కోసం అడుగుతా, నువ్వు నవ్వకు.

పైగా కడుపు లెక్కే చూద్దాం. హేడ్రియన్ గోడ చుట్టూ ఉన్న ఊళ్ళల్లో ఏముంది? గొర్రెలు, వాన, గాలి. ఇవాళ ఆ ఊళ్ళల్లో హోటళ్ళు, టీ దుకాణాలు, బస్సులు, గైడు ఉద్యోగాలు ఆ నడుము ఎత్తు గోడ మీద బతుకుతున్నాయి. మన దగ్గర ధర్మపురి నరసింహస్వామికి వచ్చే జనం, కొండగట్టు అంజన్నకి వచ్చే జనం ఇప్పటికే ఉన్నారు. ధర్మపురికి వచ్చిన పది మందిలో ఒక్కరిని కోటిలింగాల దాకా రప్పించినా ఆ ఊరికి అదొక ఆదాయం. జనాన్ని కొత్తగా తేనక్కర్లేదు, దారి చూపిస్తే చాలు.

మరి ఏం చేయాలి?

ఊరికే తిట్టి పోవడం నాకిష్టం లేదు. కోట్ల రూపాయల పథకాలేమీ అడగట్లేదు. ఇవి చాలు.

ఒకటి. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు తవ్వకాల నోటు పుస్తకాలు, గీతలు, ఫొటోలు, నాణేల జాబితా అన్నీ స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. ఏకైక ప్రతిని అలమరలో పెట్టుకుని చెదలకి అప్పగించడం నేరం. స్కానర్ ఖరీదెంతో మనకందరికీ తెలుసు.

రెండు. ఎండాకాలం జలాశయంలో నీళ్ళు తగ్గినప్పుడు ప్రతి ఏడూ ఆ ఒడ్డుని డ్రోనుతో, జీపీఎస్‌తో కొలవాలి. నిరుటికీ ఇప్పటికీ ఎన్ని అడుగులు పోయిందో రాయాలి. ఇంజనీరింగు కాలేజీ పిల్లలు ప్రాజెక్టు పేరుతో పనికిరాని అటెండెన్సు సాఫ్ట్‌వేర్లు రాసేబదులు ఈ పని చేస్తే దేశానికి పనికొస్తుంది.

మూడు. మిగిలిన గోడ ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో హద్దురాళ్ళు పాతాలి. రాళ్ళ వెంబడి నడిచే దారి, నాలుగు చోట్ల తెలుగులో రాసిన బోర్డులు. నగరం ఎట్లా ఉండేదో ఒక బొమ్మ. మట్టిగోడ దానంతటది మాట్లాడదు, దానికి మాట ఇవ్వాలి. స్కాట్లండులో చేసింది ఇంతకన్నా పెద్దగా ఏం లేదు.

నాలుగు. ఇక్కడ దొరికినవాటిలో కొన్నైనా, పోనీ నమూనాలైనా, ఇక్కడే ఒక గదిలో ఉండాలి. వెల్గటూరు బడి పిల్లవాడు గోభదుడి నాణెం చూడాలంటే హైదరాబాదు బస్సెక్కాల్సిన పని ఉండకూడదు.

ఐదు. ఇక మీదట ఏ జలాశయం కట్టినా, నీళ్ళు నింపేముందు మునిగే నేలంతా తవ్వి, రాసి, అచ్చు వేయాలి. నాగార్జునకొండలో ఏం చేశారో అదే. ప్రాజెక్టు ఖర్చులో అది కూడా ఒక పద్దు. పునరావాసం లెక్క ఎట్లా రాస్తారో ఇదీ అట్లాగే.

ఇందులో ఏదీ అసాధ్యం కాదు. అడిగేవాళ్ళు లేక ఆగిపోయింది, అంతే. ఎమ్మెల్యేని రోడ్డు అడుగుతాం, సర్పంచిని బోరు అడుగుతాం, కమ్యూనిటీ హాలు అడుగుతాం. "మా కోట తవ్వకాల రిపోర్టు ఎక్కడ?" అని అడిగిన ఊరు నాకు తగల్లేదు. అడగని దానికి జవాబు రాదు.

ఆంటొనైన్ గోడని కట్టినవాళ్ళే ఇరవై ఏళ్ళకి వదిలేసిపోయారు. అక్కడి ఇప్పటి జనానికి ఆ రోమన్లు ఏమీ కారు, నిజానికి శత్రువులు. అయినా ఆ గడ్డి గట్టుని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నారు. కోటిలింగాలలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు, కొలిమి ఊదినవాళ్ళు, కుండ చేసినవాళ్ళు మనవాళ్ళు. మా దిక్కు కమ్మరి, కుమ్మరి ఇప్పటికీ అదే ఇనుమూ అదే మట్టితో పనిచేస్తున్నారు.

ఈ ఎండాకాలం గోదావరి తగ్గినప్పుడు ఒకసారి వెళ్ళి రండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. అక్కడ ఏది దొరికినా జేబులో వేసుకోకండి, ఉన్నచోటే ఫొటో తీసి, చోటు రాసుకుని, సంబంధిత శాఖకి రాయండి. రశీదు అడగండి. నెల తర్వాత మళ్ళీ రాయండి.

వచ్చే వానాకాలానికి ఆ గట్టు ఇంకొంచెం తగ్గుతుంది. అది పూర్తిగా పోయాక "ఏముందక్కడ?" అన్న ప్రశ్నకి నిజంగానే జవాబుండదు.